నెల వెచ్చాలు ఎక్కడ కొందాం?

నెల మొదటి వారం రాగానే ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క నడుస్తుంది. బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎన్ని ప్యాకెట్లు, ఇవన్నీ పోగా పిల్లల ఫీజుకు మిగిలేది ఎంత? మన పెద్దలకు ఈ లెక్కలో సగం శ్రమ లేదు. ఊళ్ళో శెట్టిగారి కొట్టు ఒకటి, వారానికొక సంత. ఏది కావాలన్నా ఆ రెండు చోట్లే. ఇప్పుడు చౌక ధరల దుకాణం, ఊరి కిరాణా కొట్టు, సంత, పట్నంలో రైతు బజారు, ఆ పక్క వీధిలో అద్దాల తలుపుల సూపర్ మార్కెట్టు ఉన్నాయి. ఎక్కడ కొంటే నాలుగు రూపాయలు మిగులుతాయని గృహిణులు అడుగుతుంటారు. అన్నీ చౌకగా దొరికే దుకాణం ఎక్కడా లేదు. ఏ ఒక్కటీ చౌకగా దొరకని దుకాణం కూడా లేదు. గనుక ఏ వస్తువు ఏ కొట్లో కొనాలో, ఏ కాలంలో కొనాలో తెలిసిన ఇంట్లోనే డబ్బు మిగులుతుంది.

బియ్యంతో మొదలుపెడదాం. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం ప్రారంభించింది. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుండి ఆ చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగానే ఇస్తున్నారు. తెలంగాణలో 2025 ఉగాది నుండి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి ఇంటి ముందుకు వచ్చిన బండ్లు ఆగిపోయి, 2025 జూన్ నుండి మళ్ళీ దుకాణానికే వెళ్ళి తెచ్చుకుంటున్నాము. ఇదంతా మీకు తెలిసిందే. అయితే లావుబియ్యం గొంతు దిగవని, వాటిని వీధిలోకి వచ్చిన దళారికి అమ్మేసేవారు మనలో లేరా? నలుగురున్న ఇంటికి 20 కిలోలు. కిలో 12 రూపాయలకు అమ్మారనుకుందాం, చేతికి వచ్చేది 240. అదే 20 కిలోల సన్నబియ్యం కిలో 50 చొప్పున కొంటే 1,000. నెలకు 760 రూపాయలు చేతినుండి పోయాయి. పైగా రేషన్ బియ్యం అమ్మడం, కొనడం చట్టప్రకారం నేరం. అన్నానికి అంతా వాడలేకపోతే ఇడ్లీకి, అట్లకు, రొట్టెల పిండికి వాడుకోవచ్చు. ఆ పిండివంటలకు కొట్టులో వేరే బియ్యం కొనే ఖర్చు తగ్గినా తగ్గినట్టే.

కొనే బియ్యం బస్తా విషయంలో ఒక చిన్న సంగతి. 2022 జులై 18 నుండి ముందే ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యం, పప్పుల మీద 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ ఉన్నది. అందువల్ల కొందరు మిల్లర్లు 26 కిలోల బస్తాలు తయారుచేశారు. రెండు కొట్లలో బస్తా ధర పోల్చేటప్పుడు ఒకటి 25, మరొకటి 26 కావచ్చు. కిలో ధరకు తెచ్చి చూడకపోతే ఏది చౌకో తెలియదు.

ఇక సూపర్ మార్కెట్టు. వారు తక్కువకు ఎలా అమ్మగలరని సందేహం రావచ్చు. ఉదాహరణకు డీమార్ట్ సంగతి చూడండి. 2002లో ముంబయిలోని పొవాయిలో మొదటి దుకాణం తెరచి, తరువాత మన పట్టణాలకు కూడా వచ్చింది. ఆ సంస్థ చాలాచోట్ల అద్దె లేకుండా సొంత భవనాల్లోనే అమ్ముతుంది. సరుకిచ్చిన కంపెనీలకు త్వరగా డబ్బు కడుతుంది, లారీల కొద్దీ కొంటుంది. ఆ కారణంగా కంపెనీలు తగ్గించి ఇస్తాయి. సబ్బులు, బట్టల పొడి, టూత్‌పేస్టు, నూనె ప్యాకెట్లు, టీపొడి వంటి వాటి మీద అచ్చువేసిన ధరకంటే తక్కువకు దొరికేది ఇందుకే. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే హద్దు మాత్రమే. అంతకు తక్కువకు అమ్మడానికి ఎవరికీ అడ్డులేదు, మన ఊరి శెట్టిగారికైనా సరే.

కాని అక్కడ మోసపోయే దారులు కూడా ఉన్నాయి. మోసం అనడం తప్పేమో, మన అజాగ్రత్త అనాలి. నూనె ప్యాకెట్టునే తీసుకోండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఈ మధ్య చూపుకు లీటరులాగే ఉండే 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. లీటరు ప్యాకెట్టు 150 రూపాయలు, పక్కనున్న 850 గ్రాములది 145 అనుకుందాం. అయిదు రూపాయలు తక్కువని రెండవది బుట్టలో వేస్తాము. లెక్క కట్టండి. మొదటిది వంద గ్రాములకు 16 రూపాయల 48 పైసలు, రెండవది 17 రూపాయల 6 పైసలు. తక్కువ అనుకున్నదే ఎక్కువ! ఈ ఇబ్బంది గమనించే 2021లో ప్యాకేజీ నిబంధనలు సవరించి, గ్రాముకు గాని కిలోకు గాని ధర ఎంతో ప్యాకెట్టు మీద అచ్చువేయాలన్నారు. అక్షరాలు సన్నగా ఉంటాయి. కళ్ళజోడు ఉన్నవారు మరచిపోకుండా తీసుకువెళ్ళండి, లేదా బడికెళ్ళే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని చదివించండి. వాడికి లెక్కలూ వస్తాయి.

పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చౌక అనే నమ్మకం కూడా అన్ని వస్తువులకూ చెల్లదు. షాంపూనే చూడండి. రూపాయి, రెండు రూపాయల పొట్లాల్లో కొంటేనే పెద్ద సీసాకంటే తక్కువ పడడం చాలాసార్లు చూస్తాము. పొట్లం మీదున్న మిల్లీలీటర్లు, సీసా మీదున్న మిల్లీలీటర్లు చూసి భాగించుకుంటే తెలిసిపోతుంది. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నచోట ఆ మూడూ గడువు తేదీలోగా మన ఇంట్లో అయిపోతాయా అన్నది ముందు చూడాలి. చీటీ లేకుండా ఆ అద్దాల తలుపు లోపలికి వెళ్ళినవారు చీటీలో లేని బిస్కెట్లతో, ప్లాస్టిక్ డబ్బాలతో బయటికి వస్తారు. పప్పు మీద మిగిలిన నలభై రూపాయలు ఆ డబ్బాలోకే పోతాయి.

మరి దారి ఖర్చు సంగతి? బండి మీద రానుపోను 30 కిలోమీటర్లంటే అర లీటరు పెట్రోలుకు తక్కువ కాదు. అంటే యాభై రూపాయల పైమాటే. బస్సు అయితే, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు. గనుక వెచ్చాలకు ఇంటి ఇల్లాలు బస్సులో వెళ్ళడమే లాభం. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి. మగవారు బండి మీద వెళ్ళివస్తే టీ, టిఫిను ఖర్చు కూడా కలుస్తుందని వేరే చెప్పాలా! అయితే ఒక రోజు కూలి మానుకుని వెళ్ళినట్లయితే ఏ చౌక ధరా ఆ కూలిని పూడ్చలేదు. ఆసుపత్రి పనికో, బ్యాంకు పనికో పట్నం వెళ్ళిన రోజే నెల సరుకు కూడా తెచ్చుకోవాలి. నాలుగిళ్ళవారు కలిసి ఇద్దరిని పంపి, వారికి దిగినచోట నుండి ఇంటికి ఆటో ఖర్చు పంచుకున్నా బాగుంటుంది.

కూరగాయలకు మాత్రం చల్లని గదుల దుకాణం మనకెందుకు? రైతు బజార్లు 1999 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. టోకు ధరకు పైన, చిల్లర ధరకు కింద ఏ రోజు ధర ఆ రోజు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. సంచి తెరవకముందు ఆ బోర్డు చదవండి. సంతలో బోర్డు ఉండదు, బేరమే బోర్డు. పొద్దుగూకే వేళకు ఆకుకూరలు, టమాటాలు దిగివస్తాయి, ఎందుకంటే వాటిని తిరిగి ఇంటికి మోసుకెళ్ళడం అమ్మేవారికి భారం. అయితే అప్పటికి మంచివి ఏరుకుపోయి ఉంటారు. ఆ రాత్రికే వండుకునేవి సాయంత్రం, నాలుగు రోజులు నిలవ ఉండవలసినవి ఉదయం కొంటే సరిపోతుంది. తూకం పెట్టేటప్పుడు కాటా మీద సున్నా కనబడుతున్నదా అని చూసి, తరువాతనే ధర మాట్లాడండి.

మన అమ్మమ్మలు అసలు పొదుపు చేసింది ఏడాది సరుకులోనే. ఎండుమిర్చి ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డుకు కుప్పలుగా వస్తుంది. పసుపు కూడా ఆ రోజుల్లోనే నిజామాబాదు, దుగ్గిరాల చేరుతుంది. కొత్త చింతపండూ ఎండాకాలం ముందే వస్తుంది. కంది పంట సంక్రాంతి అటూ ఇటూ ఇంటికి చేరుతుంది. ఈ సరుకు అప్పుడు కిలోల లెక్కన కొని, చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి జాడీలో అదిమి, కందిపప్పుకు కాస్త ఆముదం పట్టించి ఎండబెట్టి, ఎండిన వేపాకు మధ్య ఉంచేవారు. వానాకాలంలో వంద గ్రాముల పొట్లాలు కొనుక్కునేవారికి ఈ లాభం రాదు. ఒక్కసారిగా డబ్బు పెట్టలేకపోతే ఒక ఏడాది మిర్చి ఒక్కటే, మరుసటి ఏడు పప్పు కూడా అని మొదలుపెట్టవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా చేతిలో నగదు ఉన్నవారికి. మన ఊళ్ళలో చాలా ఇళ్ళు శెట్టిగారి పద్దు పుస్తకం మీద నడుస్తున్నాయి. అరువు తప్పని వాడుకే, దానికి సిగ్గుపడనక్కర లేదు. కాని దాని ధర ఎంతో తెలుసుకోవాలి. నెలకు 3,000 రూపాయల సరుకు అరువు తెస్తున్నారనుకుందాం. నగదు ధరకంటే నూటికి 6 రూపాయలు ఎక్కువ పడుతున్నదనుకుందాం. నెలకు 180, ఏడాదికి 2,160. మన పల్లెలో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాము. ఇక్కడ నెల రోజుల అరువుకు ఆరు రూపాయల వడ్డీ కట్టి, అది వడ్డీ అని కూడా గుర్తించడం లేదు. చాలా పొదుపు సంఘాల్లో రూపాయి వడ్డీకే అప్పు దొరుకుతుంది. సంఘంలో ఒక్కసారి 3,000 తీసుకుని కొట్టు బాకీ తీర్చి, నెలకు 300 చొప్పున పది నెలల్లో కడితే మొత్తం వడ్డీ 165 రూపాయలు. అరువు మీద ఒక్క నెలలో ఎక్కువ ఇస్తున్న 180 కంటే అది తక్కువే. అయితే ఆ పది నెలలూ కొట్లో కొత్త పద్దు తెరవకూడదు. కష్టమంతా అక్కడే ఉన్నది.

ఇక్కడ శెట్టిగారి పక్షాన కూడా ఒక మాట అనాలి. డబ్బున్న నెలలో పట్నం, లేని నెలలో ఆయన కొట్టు, ఇలా ఊరంతా చేస్తే ఆ కొట్టు ఎన్నాళ్ళు ఉంటుంది? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బస్సులు ఆగినప్పుడు పల్లెల్లో ఉప్పూ పప్పూ అందించింది ఈ చిన్న కొట్లే. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే తలుపు తట్టి గ్లూకోజు పొట్లమో, పాల ప్యాకెట్టో అడగగలిగేది ఆయన్నే. సూపర్ మార్కెట్టు తలుపు ఎంత తట్టినా ఎవరు తీస్తారు? అందుచేత పట్నం వెళ్ళే ముందు చీటీ ఆయనకే చూపించి, నగదుకైతే ఎంతకిస్తారని అడగండి. ఆయనా పట్నంలో టోకున కొనేవాడే గనుక పప్పు, పంచదార, రవ్వ వంటి విడి సరుకులో రూపాయో రెండో తగ్గించగలడు. నాలుగిళ్ళవారు కలిసి పంచదార బస్తా తెప్పించమంటే ఇంకా తగ్గిస్తాడు. తేడా కిలోకు రెండు రూపాయల లోపైతే ఊళ్ళోనే కొనండి. బస్సు దిగి సంచులు మోసే శ్రమ తప్పుతుంది. కంపెనీ సబ్బులకు, నూనెకు తేడా పెద్దదైతే అవి పట్నంలో తెచ్చుకుంటామని ఆయనకు ముఖం మీదే చెప్పవచ్చు, ఆయన నొచ్చుకోడు.

ఈ నెలలోనే పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి తీసుకుని, మీరు ఎక్కువగా వాడే పది వస్తువులు వరుసగా రాయండి. పక్కన మూడు గడులు గీసి ఊరి కొట్టు, సంత, పట్నం అని వేసి, ఎక్కడికి వెళ్ళినా కిలో ధర కనుక్కుని నింపండి. కొట్లో అరువు తెచ్చిన రోజున సరుకు పేరు, ధర మీ పుస్తకంలో కూడా రాసుకుంటే నెలాఖరున శెట్టిగారి పద్దుతో సరిచూసుకోవచ్చు. ధర రాసిన ప్రతిచోటా తేదీ వేయడం మానవద్దు. సంక్రాంతికి రాసిన కందిపప్పు ధర శ్రావణమాసంలో పనికిరాదు.