అందరికీ ఒకే యూజర్ పేరు

ఆండ్రాయిడ్ ఫోన్‌ను నడిపే కోడ్‌లో ఎవరైనా మార్పు చేస్తే అది నేరుగా అసలు కోడ్‌లో కలవదు. ముందు గెరిట్ అనే సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ ఇంకొకరు చదివి, సరే అన్నాకే కలుస్తుంది. గూగుల్‌లో షాన్ పియర్స్ ఆండ్రాయిడ్ కోసమే దీన్ని మొదలుపెట్టారు. తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్ట్‌వేర్ కూడా 2012లో సమీక్ష పనిని గెరిట్‌కు మార్చుకుంది. ఈ సర్వర్ జావాలో రాసింది, దానికి ప్లగిన్లు తగిలించుకోవచ్చు. ఒక జార్ ఫైలు తయారుచేసి ప్లగిన్ల ఫోల్డర్‌లో పెడితే చాలు, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.

అలాంటి సర్వర్‌కు ఒక చిన్న ప్లగిన్ రాశారనుకుందాం. ఎవరు మార్పు పంపితే వాళ్ల పేరు ఒక పట్టీలో రాసుకోవడం దాని పని. జార్ పెట్టగానే లాగ్‌లో ఎర్రగా ‘అవుట్ ఆఫ్ స్కోప్ ఎక్సెప్షన్’ అని పడింది. ప్లగిన్ లేవలేదు. రాసినాయన ఇటూ అటూ చూసి, ఒక క్లాసును ముందే తయారుచేయమని చెప్పిన లైను తీసేశాడు. ఎర్రర్ పోయింది, ప్లగిన్ లేచింది, తన పేరు పట్టీలో సరిగ్గానే పడింది. సంతోషించాడు. ఆ తర్వాత ఎంతమంది మార్పులు పంపినా పట్టీలో ఆయన పేరే పడుతూ వచ్చింది.

ఈ రెంటిలో మొదటిది తప్పును పట్టిచ్చిన ఎర్రర్. రెండోది అసలు తప్పు. స్కోప్ ఎర్రర్లను సరిచేయడంలో సగం కష్టం ఇక్కడే ఉంది: అరుస్తున్న తప్పును మాన్పడానికి దొరికే తేలిక మార్గాలు చాలావరకు దాని నోరు మాత్రమే నొక్కేస్తాయి.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఒక క్లాసు తన పనికి కావలసిన వస్తువులను తానే తయారుచేసుకోకుండా, బయటినుంచి ఎవరో తెచ్చి చేతికి అందించే పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ఆ పేరును స్థిరపరచింది 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసం. అదే ఏడాది రాడ్ జాన్సన్ ఆలోచనలోంచి పుట్టిన స్ప్రింగ్ 1.0 వచ్చింది. 2007లో గూగుల్ నుంచి బాబ్ లీ రాసిన జ్యూస్ వచ్చింది. దాని స్పెల్లింగ్ ‘జి’తో మొదలైనా పలకడం పండ్లరసం లాగానే. గెరిట్ లోపల పనిచేసేది ఈ జ్యూసే. లీ, జాన్సన్ కలిసి 2009లో, ఈ పద్ధతి కోసం కోడ్ మీద పెట్టే అనోటేషన్లనే గుర్తులకు జావా అంతటికీ ఉమ్మడి ప్రమాణం తెచ్చారు, జేఎస్ఆర్-330 పేరుతో. అందులోని ‘ఇంజెక్ట్’, ‘సింగిల్‌టన్’, ‘ప్రొవైడర్’ అన్న మాటలే ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి.

వస్తువును అందించేవాడికి ఒక ప్రశ్న తప్పదు: ఇది ఎంతకాలం ఉండాలి? ఆ జవాబే స్కోప్. ఏమీ చెప్పకపోతే జ్యూస్ అడిగిన ప్రతిసారీ కొత్తది చేసి ఇస్తుంది. సింగిల్‌టన్ అంటే ఒక్కసారి చేసి అందరికీ అదే ఇస్తుంది. రిక్వెస్ట్ స్కోప్ అంటే బ్రౌజర్ నుంచి వచ్చిన ఒక్కో అభ్యర్థనకు ఒక్కోటి, జవాబు వెళ్లిపోగానే దాని ఆయుష్షు తీరినట్టే. పెళ్లి భోజనాల దగ్గర గాడిపొయ్యి పొద్దుటి నుంచీ అదే వెలుగుతుంది, విస్తరి మాత్రం మనిషికొకటి. పొయ్యి దగ్గరి వంటవాడు మొదటి బంతిలో ఎవరిదో విస్తరి తెచ్చి పక్కన పెట్టుకుని, ఆనక వచ్చినవాళ్లందరికీ అందులోనే వడ్డిస్తే ఎలా ఉంటుందో, మన ప్లగిన్ చేసింది అదే.

కోడ్‌లో జరిగింది ఇది. పట్టీ రాసే క్లాసు సింగిల్‌టన్. పంపినవారి వివరాలున్న క్లాసు రిక్వెస్ట్ స్కోప్‌లోది. మొదటిది తన కన్‌స్ట్రక్టర్‌లో రెండోదాన్ని అడిగింది. ప్లగిన్ లేచేటప్పుడే తయారుకమ్మంటే, అప్పటికి ఏ రిక్వెస్టూ రాలేదు కాబట్టి జ్యూస్ ‘నేనెక్కడినుంచి తేను?’ అని అరిచింది. ఆ లైను తీసేశాక తయారీ మొదటి రిక్వెస్ట్ దాకా వాయిదా పడింది. ఆ సమయానికి ఒక యూజర్ ఉన్నాడు, ఆయన వివరాలు దొరికాయి, సింగిల్‌టన్ వాటిని పట్టుకుని కూర్చుంది. ఆ రిక్వెస్ట్ ముగిసినా ఆ వస్తువు చేతిలోంచి జారలేదు. ఎక్కువకాలం బతికేది తక్కువకాలం బతకాల్సినదాన్ని ఇలా బందీ చేయడానికి మార్క్ సీమన్ ‘క్యాప్టివ్ డిపెండెన్సీ’ అని పేరు పెట్టారు. పేరు ప్రసిద్ధమే. అయినా జ్యూస్ దీన్ని తనంతట తాను తనిఖీ చేయదు.

ఇందులోనే మరో మెలిక. జ్యూస్‌ను రెండు దశల్లో నడపవచ్చు. ‘ప్రొడక్షన్’ అంటే మాడ్యూల్‌లో, అంటే ఏ వస్తువు ఎలా చేయాలో రాసే క్లాసులో, నమోదైన సింగిల్‌టన్లన్నిటినీ మొదట్లోనే తయారుచేస్తుంది. ‘డెవలప్‌మెంట్’ అంటే ఎవరైనా అడిగినప్పుడు చేస్తుంది, ఏమీ చెప్పకపోతే ఇదే. అందుకే ల్యాప్‌టాప్‌లో డెవలప్‌మెంట్ దశలో చక్కగా నడిచిన కోడ్, ప్రొడక్షన్ దశలో నడిచే అసలు సర్వర్‌లో లేవకుండా చతికిలబడుతుంటుంది. అప్పుడు ‘నా దగ్గర బాగానే ఉంది’ అనడం మామూలు. నిజానికి అక్కడ బాగాలేదు, తప్పు బయటపడలేదు అంతే. ల్యాప్‌టాప్‌లో పరీక్షించేది ఒక్కరే కాబట్టి పట్టీలో ఎప్పుడూ సరైన పేరే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లోనూ ప్రొడక్షన్ దశనే పెట్టి నడపడం మేలని నా అభిప్రాయం. లేవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి.

మందు చిన్నదే. వస్తువును నేరుగా అడగకుండా, దాన్ని తెచ్చి ఇచ్చే ప్రొవైడర్‌ను అడగాలి. పని పడిన క్షణంలో ప్రొవైడర్ మీద ‘గెట్’ పిలిస్తే, అప్పుడు ఏ రిక్వెస్ట్ నడుస్తుంటే ఆ రిక్వెస్ట్ తాలూకు వస్తువు వస్తుంది. కానీ చాలామంది ప్రొవైడర్‌ను తీసుకుని, కన్‌స్ట్రక్టర్‌లోనే ‘గెట్’ పిలిచి ఫలితాన్ని ఫీల్డులో దాచుకుంటారు. దానివల్ల ఒరిగేది సున్నా, బందీ మళ్లీ బందీయే. స్ప్రింగ్ దీన్ని ఇంకోలా తీర్చింది. అసలు వస్తువు బదులు ఒక ప్రాక్సీని ఇస్తుంది, పిలుపు వచ్చిన ప్రతిసారీ ఆ ప్రాక్సీ అప్పటి రిక్వెస్ట్‌లోని అసలుదాన్ని వెతికి పని అప్పగిస్తుంది. రిక్వెస్ట్ స్కోప్ ప్రస్తుత థ్రెడ్‌లో చురుగ్గా లేదని చెప్పే స్ప్రింగ్ ఎర్రర్‌లోనే, సింగిల్‌టన్ నుంచి వాడాలనుకుంటే ప్రాక్సీ పెట్టుకోమన్న సలహా కూడా ఉంటుంది. సలహా మంచిదే, అయితే అన్ని వేళలా కాదు. రిక్వెస్టే లేని చోట ప్రాక్సీ మాత్రం ఏం తేగలదు?

ఆ ఎర్రర్‌లోని ‘ప్రస్తుత థ్రెడ్’ అన్న మాట దగ్గర ఆగాలి. రిక్వెస్ట్ స్కోప్ అనగానే పెద్ద యంత్రాంగం ఊహించుకోనక్కర్లేదు. లోపల ఉండేది ఒక మ్యాప్, దాన్ని ఆ థ్రెడ్‌కు మాత్రమే కనిపించే థ్రెడ్‌లోకల్ అనే అరలో పెడతారు. రిక్వెస్ట్ రాగానే ఫిల్టర్ ఆ అరను నింపుతుంది, వెళ్లేటప్పుడు ఖాళీ చేస్తుంది. మన ప్లగిన్ ‘ఈ పని నెమ్మదిగా వెనకాల చేద్దాం’ అని ఎగ్జిక్యూటర్‌కు అప్పగిస్తే, పని వేరే థ్రెడ్ మీద నడుస్తుంది. అక్కడ అర ఖాళీ. ప్రొవైడర్ సరిగ్గా వాడినా అదే ఎక్సెప్షన్. ఈ సందర్భంలో లాగ్‌లో ప్రతి లైను పక్కన ఉండే థ్రెడ్ పేరు అన్నిటికంటే విలువైన ఆధారం. రిక్వెస్టులు నడిపే థ్రెడ్ పేరు కాక పని వరుసలోని థ్రెడ్ పేరు కనిపిస్తే సగం కేసు తేలినట్టే.

దీనికి జ్యూస్ సర్వ్‌లెట్ భాగంలో రిక్వెస్ట్‌ను ఇంకో థ్రెడ్‌కు బదిలీ చేసే ‘ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్’ ఉంది. గెరిట్ తన వంతుగా, రిక్వెస్ట్ లేని చోట తాత్కాలికంగా ఒక సందర్భం తెరిచి ముగించే ‘వన్ ఆఫ్ రిక్వెస్ట్ కాంటెక్స్ట్’ ఇస్తుంది. నన్నడిగితే ఇవన్నీ ఆఖరి ఆయుధాలు. రిక్వెస్ట్ నడుస్తుండగానే యూజర్ నంబరు, మార్పు నంబరు లాంటి మామూలు విలువలు తీసుకుని, వాటినే వెనకాల పనికి అందిస్తే స్కోప్ గొడవే ఉండదు. సొంతంగా స్కోప్ రాసుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: లోపలికి వెళ్లిన ప్రతిచోటా బయటికి రావడం ‘ఫైనల్లీ’లో ఉందా? పూల్‌లోని థ్రెడ్లు మళ్లీ మళ్లీ వాడతారు. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చి అర ఖాళీ కాకపోతే, తర్వాత వచ్చే పనికి ముందువాడి వివరాలు కనిపిస్తాయి. ఇది కూడా అరవని తప్పే, పైగా రోజూ జరగదు.

ఇంతవరకూ చెప్పింది ఏ జావా సర్వర్‌కైనా వర్తిస్తుంది. ప్లగిన్‌కు మాత్రమే వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. గెరిట్ ప్లగిన్ జార్‌లోని మానిఫెస్ట్‌లో రాసే మాడ్యూల్ పేర్లలో ముఖ్యమైనవి మూడు: మామూలు మాడ్యూల్, ఎస్ఎస్‌హెచ్ మాడ్యూల్, హెచ్‌టీటీపీ మాడ్యూల్. మూడింటికీ మూడు వేర్వేరు ఇంజెక్టర్లు, అంటే వస్తువులు చేసి అందించేవి. వెబ్ రిక్వెస్ట్ తాలూకు వస్తువులు హెచ్‌టీటీపీ వైపు మాత్రమే తెలుసు. మామూలు మాడ్యూల్‌లోని క్లాసు వాటిని అడిగితే వచ్చేది స్కోప్ ఎర్రర్ కాదు, ‘దీనికి బైండింగ్ లేదు’ అన్న ఎర్రర్. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో వస్తువు ఎలా చేయాలో తెలుసు, సమయం కాదు. రెండోదానిలో ఎలా చేయాలో అసలు తెలియదు. ఇది పట్టించుకోకుండా ఒకే బైండింగ్‌ను ఎస్ఎస్‌హెచ్ మాడ్యూల్‌లోనూ హెచ్‌టీటీపీ మాడ్యూల్‌లోనూ రాసేవాళ్లున్నారు. జ్యూస్‌లో సింగిల్‌టన్ అంటే ఇంజెక్టర్‌కు ఒకటి, జావా ప్రాసెస్ మొత్తానికి ఒకటి కాదు. రెండు చోట్ల రాస్తే రెండు సింగిల్‌టన్లు పుట్టి, ఒకదాంట్లో రాసింది ఇంకొకదాంట్లో కనబడక తల గోక్కోవాల్సి వస్తుంది.

ప్లగిన్‌కు సొంత క్లాస్‌లోడర్ కూడా ఉంటుంది. జావాలో క్లాసు గుర్తింపు పేరు ఒక్కటే కాదు, ఎవరు లోడ్ చేశారన్నది కూడా. ఆ క్లాస్‌లోడర్ సర్వర్ కంటే ముందు తన జార్‌లోనే వెతికే రకమైతే, సర్వర్ దగ్గర ఎలాగూ ఉన్న లైబ్రరీని ప్లగిన్ జార్‌లో మళ్లీ కట్టేసినప్పుడు ఒకే పేరున్న క్లాసులు రెండు అవుతాయి. వాటిలో ఒకటి గుర్తులున్న లైబ్రరీ అయితే మరీ చిక్కు. వస్తువులు అందించే కంటైనర్ తనకు తెలిసిన సింగిల్‌టన్ గుర్తు కోసం చూస్తుంది, ప్లగిన్ మీదున్నది అదే పేరున్న వేరే గుర్తు. 2020లో జకార్తా ఈఈ 9 ప్యాకేజీ పేర్లను ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’కు మార్చినప్పటి నుంచి ఇదే కథ కొత్త రూపంలో వస్తోంది. జ్యూస్ 6 పాత, కొత్త పేర్లు రెండిటినీ గుర్తిస్తుంది, జ్యూస్ 7 కొత్తదాన్నే. పాత ‘సింగిల్‌టన్’ గుర్తుతో ఉన్న క్లాసును జ్యూస్ 7కు ఇస్తే అది గుర్తు లేనట్టే భావించి, అడిగిన ప్రతిసారీ కొత్త వస్తువు చేస్తుంది. ఎర్రర్ రాదు. నడిచే సమయంలో గుర్తు తాలూకు క్లాసు అసలు దొరక్కపోయినా జావా గొడవ చేయదు, ఆ గుర్తు లేదనుకుని ముందుకు పోతుంది.

అందుకని అనుమానం వచ్చినప్పుడు కోడ్ చదవడానికి ముందు జార్‌ను విప్పి లోపల ఏమేం ఉన్నాయో చూడటం మంచిది. ఆ తర్వాత అనుమానమున్న కన్‌స్ట్రక్టర్‌లో మూడు సంగతులు లాగ్ చేయాలి: వస్తువు ఐడెంటిటీ హ్యాష్ కోడ్, దాని క్లాస్‌లోడర్, థ్రెడ్ పేరు. సింగిల్‌టన్ అనుకున్నదానికి హ్యాష్ కోడ్ మారుతూ ఉంటే గుర్తు పనిచేయడం లేదు, లేదా ఇంజెక్టర్లు రెండున్నాయి. రిక్వెస్ట్ స్కోప్ అనుకున్నదానికి ఎన్ని రిక్వెస్టులు వచ్చినా అదే నంబరు కనబడితే ఎవరో బందీ చేశారు. ఎవరో తెలియాలంటే ప్రొడక్షన్ దశలో నడిపి, అప్పుడు వచ్చే జ్యూస్ ఎర్రర్‌ను పైనుంచి కాక, ఏ కన్‌స్ట్రక్టర్ ఎవరిని అడిగిందో చెప్పే గొలుసు వెంట చదవాలి. ఆ గొలుసులో అందరికంటే ఎక్కువకాలం బతికే క్లాసే సాధారణంగా దోషి. ఇక పరీక్షలో ఇద్దరు యూజర్లు తప్పనిసరి, ఒకరి తర్వాత ఒకరు, అదే సర్వర్ మీద. ఒక్క యూజర్‌తో ఎన్ని పరీక్షలు రాసినా మన పట్టీ ప్లగిన్ అన్నిట్లోనూ పాసవుతుంది.

ఇదంతా యంత్రమే ముందుగా పట్టుకోకూడదా అంటే, కొన్ని పట్టుకుంటాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్, డెవలప్‌మెంట్ దశలో ఒక సింగిల్‌టన్ క్లాసు రిక్వెస్ట్ వరకే బతికే వస్తువును కన్‌స్ట్రక్టర్‌లో అడిగితే వెంటనే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లలో వాడే డాగర్ ఇంకో అడుగు ముందుకేసి, స్కోప్‌లు పొసగకపోతే కంపైలే కానివ్వదు. కానీ డాగర్ అలా చేయాలంటే ఎవరికి ఏం కావాలో ఆ మొత్తం అల్లిక కంపైల్ సమయానికే దాని కళ్లెదుట ఉండాలి. గెరిట్ లాంటి సర్వర్‌ను ఒకరు ఎప్పుడో కంపైల్ చేస్తారు, ప్లగిన్‌ను ఇంకొకరు ఇంకెక్కడో చేస్తారు. ఆ రెండూ మొదటిసారి కలుసుకునేది నడుస్తున్న సర్వర్‌లోనే.