గోడ మీద గడ్డిపుల్ల ఎగిరింది!

డిసెంబర్ చివర్లో మద్నూర్‌లో మా ఇంటి నుంచే ఆఫీస్ పని చేస్తున్నా. రాత్రి ట్యూబ్‌లైట్ పక్కన గోడ మీద ఓ ఎండు గడ్డిపుల్ల కనిపించింది. ఊదితే ఎగిరిపోయింది! మళ్లీ వాలాక ఫోన్‌లో జూమ్ చేశా. అచ్చం ఇంగ్లిష్ 'టీ' అక్షరం. ముందు రెక్క రెండుగా, వెనక రెక్క మూడుగా పక్షి ఈకల్లా చీలి ఉన్నాయి.

బాపుకి చూపిస్తే, "మన కంది చేన్ల ఉండేదే బిడ్డా, రేపు మందు కొట్టాలె" అన్నాడు.

దీని పేరు ఈకరెక్కల పురుగు. శాస్త్రీయంగా ఎక్సెలాస్టిస్ ఆటమోసా. మాది మహారాష్ట్ర బార్డర్, నల్లరేగడి నేల. పత్తి, సోయా మధ్య కంది సాళ్లు వేస్తారు. దానికి ఇంతకంటే ఏం కావాలి?

తల్లి పురుగు మొగ్గల మీద, లేత కాయల మీద ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. రెండు నుంచి ఐదు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. పచ్చగా, ఒళ్లంతా నూగుతో ఉంటుంది. ముందు కాయ పైపొర గీకి, తర్వాత చిల్లు పెట్టి గింజ తింటుంది. తమాషా ఏంటంటే, తల లోపల, ఒళ్లు బయట! కాయ ఈగ పిల్లలా పూర్తిగా లోపలికి దూరదు. అందుకే దీన్ని చిన్న కందిరీగలు పట్టుకుని, దాని ఒంట్లోనే గుడ్లు పెట్టేస్తాయి.

అసలు మోసం తర్వాతి దశలో ఉంది. ప్యూపా కూడా కాయ మీదే, ఒక్కోసారి చిల్లు దగ్గరే ఉంటుంది. దానికీ నూగే. చూస్తే పురుగే అనుకుంటాం. కానీ అది ఏమీ తినదు. కొద్ది రోజుల్లో రెక్కలొచ్చి వెళ్లిపోతుంది. వాతావరణాన్ని బట్టి గుడ్డు నుంచి రెక్కల దాకా 17 నుంచి 42 రోజులు పడుతుంది.

పొద్దున స్ప్రేయర్ తీసిన బాపుని "ఒక్కసారి చూసొద్దాం ఆగు" అని చేనుకి తీసుకెళ్లా. కాయలు అప్పటికే ఎండుతున్నాయి, గింజ గట్టిపడింది. వాటి మీద పురుగులనుకున్నవాటిని పుల్లతో కదిపి చూస్తే దాదాపు అన్నీ ప్యూపాలే. తినాల్సింది ఎప్పుడో తినేశాయి. మాకు పోవాల్సిన గింజలు పోయాయి.

"పండుకున్న పురుగుకు మందెందుకు?" అని బాపు స్ప్రేయర్ తిరిగి ఆటోలో వేశాడు. మందు, కూలి డబ్బులు మిగిలాయి. పూత టైంలో ఒకరోజు లీవ్ పెట్టి వచ్చుంటే గింజలూ మిగిలేవేమో!

ఇంటికొచ్చేసరికి అమ్మ కూరకు చిక్కుడుకాయలు తెంపుతోంది. ఒక కాయకి గుండ్రంగా చిల్లు. పక్కనే నూగుతో ఓ పచ్చ పురుగు, తల లోపల పెట్టి తింటోంది.