ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్: పథ్యం కాదు, పుష్టి కావాలి

ఊపిరితిత్తిలో పుట్టిన గడ్డ రెండో ఊపిరితిత్తికో, ఎముకలకో, కాలేయానికో, మెదడుకో పాకితే దాన్ని నాలుగో దశ అంటారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, ఆ నీటిలో క్యాన్సర్ కణాలు కనిపించినా అదే లెక్క. ఈ దశలో కోసి గడ్డ తీసేస్తే సరిపోదు, మందు ఒళ్లంతా తిరగాలి. జబ్బు పూర్తిగా నయం కావడం అరుదు. కానీ నాలుగో దశ అనగానే ఇక నెలలే అనుకునే రోజులు పోయాయి. తగిన మందు దొరికి, ఒంట్లో బరువు నిలిచినవారిలో కొందరు ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకుంటూ ఉంటున్నారు. మందు సంగతి డాక్టర్లు చూస్తారు. బరువు మాత్రం ఇంట్లో, వంటింట్లో, చాలాసార్లు పథ్యం పేరుతోనే పోతోంది.

విశాఖపట్నం లాంటి ఊళ్లో ఈ జబ్బుకు కారణాల కోసం ఎక్కువ దూరం వెతకనక్కర్లేదు. మొదటిది పొగాకు: బీడీ, సిగరెట్, చుట్ట. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ ఉత్తరాంధ్ర తీరంలో పాత అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అంగిలి మీద అది చేసే హానిని ప్రపంచానికి చూపింది. రెండోది పని. ఉక్కు కర్మాగారాల్లో కోక్ తయారీ, ఫౌండ్రీ పని, వెల్డింగ్ పొగ, డీజిల్ పొగ, ఓడల మరమ్మతులో తగిలే ఆస్‌బెస్టాస్ వీటన్నిటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో చేర్చింది. బయటి గాలి కాలుష్యం 2013లో అదే జాబితాకెక్కింది. జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టని ఆడవాళ్లలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది కాబట్టి, పొగతాగే అలవాటు లేదు గనక దగ్గును పట్టించుకోనక్కర్లేదనుకోవడం ప్రమాదం.

జబ్బు ముదిరాకే బయటపడడానికి మన దేశంలో ఒక పెద్ద కారణం క్షయ. దగ్గు, సన్నబడడం, కళ్లెలో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటాయి. కళ్లె పరీక్షలో క్షయ క్రిములు దొరక్కపోయినా, ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టి నెలలు గడిపేస్తే ఈలోగా గడ్డ పాకిపోతుంది. క్షయ మందులు వాడుతున్నా మచ్చ తగ్గకపోతే, బరువు పెరగకపోతే సీటీ స్కాన్, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించమని అడగాలి.

ముక్క పరీక్ష క్యాన్సర్ ఉందో లేదో చెప్పడంతో ఆగిపోకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం నాన్ స్మాల్ సెల్ రకం, మిగిలినవి స్మాల్ సెల్ రకం. మొదటి రకంలో ఎడినోకార్సినోమా అని తేలితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 అనే జన్యువుల్లో మార్పులున్నాయా, పీడీఎల్1 అనే ప్రొటీన్ ఎంత ఉంది అని తప్పక చూడాలి. మన దేశంలో ఎడినోకార్సినోమా రోగుల్లో సుమారు నాలుగో వంతు మందిలో, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు కనిపిస్తోంది. ముక్క చాలకపోతే రక్తంతోనూ ఈ పరీక్ష చేయవచ్చు. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ ఆలస్యానికి ఇంటిల్లిపాదీ ఆందోళన పడడం సహజం. అయినా రోగి పరిస్థితి మరీ ప్రమాదంలో లేకపోతే ఆ రిపోర్టు కోసం ఆగడమే మేలు, వైద్యం దారి మొత్తం దాని మీదే మారుతుంది.

ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారికి గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలున్నాయి. గెఫిటినిబ్ మన కంపెనీలే తయారు చేస్తుండడంతో సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు 350 మంది రోగుల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, గెఫిటినిబ్ ఒక్కటే వాడినవారిలో జబ్బు సగటున 8 నెలలు అదుపులో ఉంటే, దానికి పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కీమో జోడించినవారిలో 16 నెలలు ఉంది. దుష్ఫలితాలూ పెరిగాయి గనక ఒంట్లో సత్తువ ఉన్నవారికే ఆ జోడింపు. ఏఎల్‌కే మార్పు నూటికి కొద్దిమందిలోనే ఉంటుంది, కానీ ఉన్నవారికి అలెక్టినిబ్ వంటి మాత్రలతో ఏళ్ల తరబడి మేలు జరుగుతుంది.

ఏ మార్పూ లేనివారికి కీమో, లేదా ఒంటి రక్షణ శక్తిని క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ, లేదా రెండూ ఇస్తారు. గడ్డ కణాల్లో కనీసం సగంలో పీడీఎల్1 ఉన్నవారికి పెంబ్రోలిజుమాబ్ ఇచ్చిన పరిశోధనలో అయిదేళ్ల తర్వాత దాదాపు మూడో వంతు మంది బతికి ఉన్నారు, కీమోతో మొదలుపెట్టినవారిలో ఆరో వంతు మాత్రమే. దాని ధర చాలా కుటుంబాలకు అందనంత దూరంలో ఉంది, అది ఈ వైద్యంలో అన్నిటికంటే బాధ కలిగించే నిజం. స్మాల్ సెల్ రకానికి ఎటోపొసైడ్, ప్లాటినం మందులతో కీమో మొదట్లో బాగా పనిచేస్తుంది, కాకపోతే జబ్బు తొందరగా తిరగబెడుతుంది.

ఎముక నొప్పికి ఒకే ఒక్క విడత రేడియేషన్‌తో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయిస్తే ఆయాసం వెంటనే తగ్గుతుంది. నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ మంచి మందు, డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. ఇలా బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం చివరి రోజులకే అనుకుంటారు. 2010లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, జబ్బు తేలిన మొదట్లోనే ఈ వైద్యం కూడా అందుకున్నవారు సగటున 11.6 నెలలు బతికితే, మామూలు వైద్యం మాత్రమే పొందినవారు 8.9 నెలలు బతికారు. కాబట్టి దాన్ని మొదటి నెలలోనే అడగాలి.

విశాఖవారికి ఈ వైద్యాల కోసం ముంబై రైలెక్కాల్సిన అవసరం చాలావరకు తగ్గింది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), వాల్తేరులోని ఛాతీ వ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులూ ఉన్నాయి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం పరిమితిని 2023 చివర్లో 5 లక్షల నుంచి 25 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ప్రతి మందూ, ప్రతి పరీక్షా పథకంలోకి రావు. ఏది వస్తుందో ఆసుపత్రిలోని పథకం కౌంటర్లో ముందే రాయించుకోవాలి. ఒసిమెర్టినిబ్‌పై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 బడ్జెట్‌లో ఎత్తేసింది.

ఇక తిండి. ఈ జబ్బులో సన్నబడడం తినకపోవడం వల్ల మాత్రమే కాదు. గడ్డ విడుదల చేసే పదార్థాలు ఆకలిని చంపి, కండను కరిగిస్తాయి. కండ తగ్గితే కీమో తట్టుకోలేరు, మోతాదు తగ్గించాల్సి వస్తుంది, విడతలు వాయిదా పడతాయి. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. గుడ్డు వేడి, చేప వాతం, పెరుగు నెమ్ము, పప్పు అరగదు అంటూ ఒక్కొక్కటీ తీసేసి చివరికి చారన్నం, కారప్పొడి మిగులుస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ రోగికి నష్టమే చేస్తుంది.

క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావాలని పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. పొద్దున రెండు పెసరట్లు, ఒక ఉడికించిన గుడ్డు, కాసేపటికి పాలు పోసిన చోడి జావ ఒక గ్లాసు, మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, అన్నంతో పాటు రెండు వంజరం ముక్కలు, సాయంత్రం ఒక సున్నుండ, రాత్రి మెత్తటి పెరుగన్నం తింటే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. మాంసాహారం తిననివారు పప్పు, పాలు, పెరుగు, వేరుశనగ, పనీర్ పెంచాలి. మూడు పూటలా పళ్లెం నిండా పెడితే రోగికి చూడగానే వెగటు పుడుతుంది. ఆరుసార్లు కొంచెం కొంచెంగా, ఆకలి బాగుండే పొద్దుటి పూట కాస్త ఎక్కువగా పెట్టాలి. ఆయాసం ఉన్నవారు కూర్చుని, తీరిగ్గా తినాలి. నీళ్లు తిండికి ముందు తాగితే కడుపు నిండిపోతుంది, కాబట్టి మధ్యలో గుక్క గుక్కగా తాగడం మంచిది.

బాధను బట్టి వంట మారాలి. నోరు పూస్తే కారం, పులుపు, ఊరగాయ పక్కనపెట్టి చల్లటి మజ్జిగ, పెరుగన్నం, మెత్తటి కిచిడీ. నోరు పూయకుండా రుచి మాత్రమే పోతే చింతకాయ పచ్చడో, నిమ్మకాయో చిటికెడు నాలుక మీద రాస్తే ముద్ద దిగుతుంది. నోట్లో ఇనుప రుచి తగిలితే స్టీలు చెంచా మానేసి చేత్తో తినడమే హాయి. మాత్రల వల్ల విరేచనాలైతే గంజి, అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్. మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం తప్పదు, దానికి తిండితో సరిపెట్టక విరేచనం సాఫీగా అయ్యే మందు రోజూ వాడాలి. కీమో జరుగుతున్నప్పుడు తెల్లకణాలు తగ్గుతాయి గనక బీచ్ రోడ్డు మీద మురీ మిక్చరు, పానీపూరీ, కోసి పెట్టిన పళ్లు, రోడ్డు పక్క జ్యూసులు వద్దు. ఇంట్లో కడిగి, తొక్క తీసి, వేడిగా వండినవి చాలు. ఒళ్లు కాలి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మందుకీ తిండికీ ఉన్న సంబంధం చాలామందికి చెప్పేవారుండరు. ఎర్లోటినిబ్ పరగడుపున వేసుకోవాలి, అలెక్టినిబ్ తిండితో పాటు. గ్యాస్ మాత్రలు గెఫిటినిబ్, ఎర్లోటినిబ్‌లను ఒంటికి పట్టనివ్వవు. పొగతాగితే రక్తంలో ఎర్లోటినిబ్ బాగా తగ్గిపోతుంది. పంపర పనసకి కొన్ని మాత్రల మోతాదును రక్తంలో పెంచే గుణం ఉంది, డాక్టరును అడిగి తినాలి. పెమెట్రెక్సెడ్ తీసుకునేవారు ఫోలిక్ యాసిడ్ మాత్ర, బీ12 ఇంజెక్షన్ మానకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చేవారిలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ కాబట్టి సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ ఇచ్చే ముందు క్రియాటినిన్ చూడాలి. అలాంటివారు మాంసకృత్తులు ఎంత తినాలో కూడా డాక్టరు చెప్పినట్టే.

చక్కెర మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందన్న ప్రచారానికి ఆధారం లేదు. మధుమేహం లేనివారికి బెల్లం సున్నుండ నిరభ్యంతరం. లక్ష్మణ ఫలం, తిప్పతీగ కషాయం మందుకు బదులు కావు, తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవారి కేసులు ముంబైలో నమోదయ్యాయి. విటమిన్ మాత్రలూ అలాంటివే. పొగతాగే 29,133 మంది మగవారి మీద ఫిన్లాండ్‌లో చేసి 1994లో ప్రచురించిన పరిశోధనలో, బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. క్యారెట్ కూరకు ఆ భయం లేదు.

వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసి నోటు పుస్తకంలో రాయాలి. రెండు మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గితే తర్వాతి విడత దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. ఆకలి పెంచే మందులు, పోషకాల పొడులు, అవసరమైతే గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే మార్గాలున్నాయి.

జబ్బు చివరి వారాలకు చేరినప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ వదిలేయాలి. అప్పుడు ఆకలి ఆగిపోవడం జబ్బు లక్షణమే, వంట చేసినవారి లోపం కాదు. బలవంతంగా పెట్టిన ముద్ద గొంతులో అడ్డంపడి ఊపిరితిత్తిలోకి పోవచ్చు, పట్టుపట్టి ఎక్కించిన సెలైన్ నీరై చేరి ఆయాసం పెంచవచ్చు. రోగి అడిగింది, అడిగినంత, అడిగినప్పుడు ఇస్తే చాలు.