పారిస్ నగరమున ఒక పుస్తకాల అంగడి

తమ ఊరిలో మంచి పుస్తకాల అంగడి యుండవలెనని కోరని చదువరి యుండడు. కాని కోరికతో అంగడి అద్దె తీరదు. పారిస్ నగరములోని యొక అంగడి చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

సిల్వియా బీచ్ అను అమెరికా వనిత 1919లో అచ్చట ‘షేక్స్‌పియర్ అండ్ కంపెనీ’ అను పేర ఆంగ్లగ్రంథముల అంగడిని తెరచెను. చందాదారులకు పుస్తకములను అరువిచ్చు పద్ధతియు అందుండెను. చేత డబ్బులేని యువకుడు హెమింగ్వేకు, చందా వీలైనప్పు డిమ్మని చెప్పి, ఆమె పుస్తకము లిచ్చి పంపెను. ఇంగ్లండు, అమెరికాలలో అచ్చువేయుటకు జంకిన జేమ్స్ జాయ్స్ నవల ‘యులిసిస్’ను 1922లో ప్రకటించిన సాహసియు ఆమెయే. కీర్తి వచ్చెను గాని డబ్బు నిలువలేదు. 1936లో అంగడి మూతపడు స్థితి రాగా, ఆంద్రే జీద్ ప్రభృతులు మిత్రసంఘముగా నేర్పడి, చందాలు కూర్చి దానిని నిలిపిరి.

జర్మనులు పారిస్‌ను ఆక్రమించిన పిమ్మట, 1941లో ఒక జర్మను అధికారి వచ్చి జాయ్స్ గ్రంథము ‘ఫినెగన్స్ వేక్’ను అడిగెనట. ఆమె అమ్మననెను. సరకంతయు జప్తు చేయింతునని అతడు బెదరించి పోయెను. కొలది గంటలలో పుస్తకములన్నియు పై అంతస్తున కెక్కినవి. పేరుపై రంగు పూయబడినది. ఆమె ఆ అంగడిని మరల తెరువలేదు.

1951లో జార్జి విట్మన్ సేన్ నది యొడ్డున, నోత్రదామ్ చర్చి సమీపమున, మరియొక అంగడి పెట్టి, 1964లో దానికి ఆ పాత పేరే పెట్టెను. అలమరల నడుమ బాటసారులకు పడక యిచ్చెడివాడు. కొంతసేపు అంగడిపని, దినమున కొక పుస్తకము చదువుట, ఒక పుట ఆత్మకథ వ్రాయుట, ఇదియే కూలి. (ఇట్టి సత్రము మన దేశమున నేనెరుగను.) అంతటి ప్రఖ్యాతి గల అంగడియు 2020లో కోవిడ్ వలన అమ్మకములు 80 శాతము పడిపోగా పాఠకుల సాయము కోరవలసివచ్చెను.

ఆపదలో మిత్రులు ఆదుకొందురు. దినదినము ఆదుకొనునది శాసనము. 1981లో ఫ్రాన్సు చేసిన చట్టము ప్రకారము పుస్తకమునకు ప్రకాశకుడే వెల నిర్ణయించును. ఎంత పెద్ద వర్తకుడైనను కొత్త పుస్తకముపై 5 శాతమునకు మించి తగ్గింపరాదు. వెలలో పోటీ లేదు గనుక, ఏ పుస్తకము ఎవరికి తగునో ఎరిగిన చిన్న అంగడివానికి బ్రదుకు దొరకినది. ఇంటికి తెప్పించుకొనువారు 35 యూరోలలోపు కొనుగోలునకు కనీసము 3 యూరోలు రవాణా ఖర్చు చెల్లించవలెనని 2023 నుండి మరియొక నియమము చేరినది. బ్రిటనులో నట్టి స్థిరధర ఒడంబడిక 1995లో కూలగా, పిమ్మట చిన్న అంగళ్లు అనేకము మూతపడినవి.

మన దేశమున అట్టి శాసనము లేదు. విజయవాడలో గాని హైదరాబాదులో గాని, అంగడిలో నిలిచి పుటలు తిరుగవేసి, నచ్చిన పుస్తకమును అచ్చటనే ఫోనులో తక్కువ ధరకు తెప్పించుకొను చదువరిని ఆపునది ఏదియు లేదు.