ఆకాశం విశాలం, రన్‌వే ఒక్కటే

సాయంకాలపు వేళ విమానంలో ముంబయి చేరినవారిలో పలువురికి ఈ అనుభవం కొత్త కాదు. దీపాలు వెలిగిన సముద్రతీరం కిటికీలో కనిపిస్తుంది, కొంతసేపటికి మాయమవుతుంది, మరల అదే తీరం కనిపిస్తుంది. నగరం కిందనే ఉన్నది, దిగుటకు మాత్రం వంతు రాలేదు. ఇట్లు 40 నుండి 60 నిమిషాలపాటు చక్కర్లు కొట్టే విమానం 1.7 నుండి 2.5 కిలోలీటర్ల ఇంధనాన్ని వృథాగా దహిస్తుందని, దాని ఖరీదు 1.8 లక్షల నుండి 2.6 లక్షల రూపాయల వరకు ఉంటుందని 2024 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వశాఖ లెక్క చెప్పింది.

ఉపగ్రహాలే దారి చూపుతున్న ఈ కాలంలో ఇదేమి చిత్రమని పాఠకులు అడుగవచ్చు. సమాధానం ఆకాశంలో కాక నేల మీద ఉన్నది.

ఆకాశం విషయంలో సాంకేతిక విజ్ఞానం సాధించినది స్వల్పమేమీ కాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు గగనతలంలో ఢీకొని 349 మంది మరణించారు. ఆ ఘోరం తరువాతనే మన దేశంలో విమానాలకు ఢీ నివారణ యంత్రం తప్పనిసరి అయినది. 2003 నవంబరులో 29,000 నుండి 41,000 అడుగుల ఎత్తుల మధ్య, ఒకదాని మీద ఒకటి పోయే విమానాలకు ఉండవలసిన ఎడాన్ని 2,000 అడుగుల నుండి 1,000 అడుగులకు తగ్గించారు. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగుపడుటవలననే ఇది సాధ్యమైనది. ఒక్క నిర్ణయంతో అదే ఆకాశంలో ఆరు కొత్త అంతస్తులు లభించాయి.

తరువాత వచ్చినది ‘గగన్’. ఉపగ్రహ సంకేతాలు భూమిని చేరేలోపల, పైవాతావరణంలో విద్యుదావేశం గల పొరను దాటుతూ కొంత ఆలస్యమవుతాయి. భూమధ్యరేఖకు దాపున ఉన్న మన దేశం మీద ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి దేశంలో 15 చోట్ల గ్రాహక కేంద్రాలను నెలకొల్పి, లోపాన్ని గణించి, దిద్దిన సమాచారాన్ని మన ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపే ఏర్పాటు చేశాయి. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక విమానం ఈ సహాయంతో దిగినది. ఖరీదైన రేడియో పరికరాలు పెట్టుకోలేని చిన్న విమానాశ్రయాలకు ఇది వరమే. అయితే రేడియో పరికరాలను పీకివేయుటకు వీలులేదు: 2025 నవంబరులో ఢిల్లీ పరిసరాలలో నకిలీ సంకేతాల బెడద కలిగినట్లు ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

ఇక ముంబయికి వద్దాము. అక్కడ ఉన్న రెండు రన్‌వేలు ఒకదానిని ఒకటి అడ్డంగా ఖండించుకుంటాయి. కనుక రెండింటినీ ఏకకాలంలో స్వేచ్ఛగా వాడుటకు లేదు. ఆచరణలో అది ఏక రన్‌వే విమానాశ్రయమే. గంటకు 46 విమానాలంటే ఒక్కొక్క దానికి 78 సెకన్లు. ఆ 78 సెకన్లలోనే విమానం దిగాలి, వేగం తగ్గించుకోవాలి, పక్కదారికి తప్పుకోవాలి. లేదా పరుగెత్తి పైకి లేవాలి. పైగా బరువైన విమానపు రెక్కల కొసల నుండి పుట్టే గాలిసుడులు వెనుక వచ్చేదానిని తలకిందులు చేయగలవు. అందువలన దాని వెనుక మధ్యతరగతి విమానానికి ఐదు నాటికల్ మైళ్ల ఎడం, అనగా తొమ్మిది కిలోమీటర్లకు పైగా, ఇచ్చుట చిరకాలపు నియమం. దిగే వేగంలో అది రెండు నిమిషాల ప్రయాణం. విమానం ఎక్కడ ఉన్నదో ఉపగ్రహం మూడు మీటర్ల తేడాలో చెప్పగలదు. గాలిసుడిని మాత్రం అణచలేదు. నిజానికి రన్‌వే నుండి ఏటవాలుగా వేగంగా తప్పుకొనే కాంక్రీటు దారి ఒకటి, ఈ విషయంలో ఉపగ్రహం కంటె ఎక్కువ మేలు చేస్తుంది. మైళ్లకు బదులు కాలాన్ని బట్టి ఎడం పాటించే పద్ధతిని లండన్‌లోని హీత్రూలో 2015లో ప్రవేశపెట్టారు. ఎదురుగాలి వీచే రోజులలో కోల్పోతున్న వంతులు తిరిగి దక్కాయి, అంతే.

2023 నవంబరు 11న ముంబయిలో ఒకే రోజున 1,032 విమానాల రాకపోకలు జరిగాయి. పత్రికలు దానిని రికార్డు అని కీర్తించాయి. సగటున 84 సెకన్లకు ఒకటి, అదీ రాత్రింబవళ్లు! మూడు నెలలు తిరుగకముందే ప్రభుత్వం రద్దీ వేళలలో గంటకు 46ను 44కు, తక్కిన వేళలలో 44ను 42కు తగ్గించమని ఆదేశించింది. విమాన సంస్థలకు అది రుచించకపోయి ఉండవచ్చు. కాని 2024 జూన్ 8న ఏమి జరిగినదో చూడండి: ఒక విమానం నేల విడిచే క్షణాన, అదే రన్‌వే మీద వెనుకనే మరొకటి దిగినది. ఎవరికీ దెబ్బ తగలలేదు. విచారణ జరిగినది, కంట్రోలర్‌ను విధుల నుండి తప్పించారు. ఆ కంట్రోలరు చేతిలో ఉన్న వ్యవధి ఎన్ని సెకన్లో పాఠకులకు ఇప్పుడు తెలుసు.

ముంబయి అసలు కొరత కాంక్రీటుదే. అది తీర్చుటకు దశాబ్దాల చర్చ, భూసేకరణ, కొండను తొలిచి చదును చేయుట అవసరమైనాయి. 2025 అక్టోబరు 8న ప్రారంభోత్సవం జరిగిన నవీ ముంబయి విమానాశ్రయంలో మొదటి దశలో ఉన్నదీ ఒకే రన్‌వే. అయినా అది పాతదానికి అడ్డుపడని రన్‌వే. పాత, కొత్త విమానాశ్రయాలకు వచ్చే విమానాలు మాత్రం ఒకే ఆకాశాన్ని పంచుకోవాలి. ఆ ఇరుకైన దారులలో గీత తప్పకుండా ఎగురుటకు ఉపగ్రహ మార్గదర్శనం నిజంగా అక్కరకు వస్తుంది.