స్విచ్ వాక్యంలో సమగ్రత: టైప్ చెకర్‌ను పరీక్షించే పద్ధతి

వ్యాససంగ్రహం: ప్రోగ్రాము నడవకముందే దోషాలను గుర్తించడం స్థిర టైప్ పరిశీలన లక్ష్యం. స్విచ్ వాక్యంలో ఒక కేస్ లోపించినప్పుడు టైప్‌స్క్రిప్ట్ భాషలోని టైప్ చెకర్ ఎప్పుడు దోషం చూపుతుంది, ఎప్పుడు మౌనం వహిస్తుంది అనే విషయాన్ని టోల్ రుసుము ఉదాహరణతో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: టైప్‌స్క్రిప్ట్, స్విచ్ వాక్యం, సమగ్రత, నెవర్ టైపు, రుసుము గణన.

1. ప్రస్తావన

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల మేర సాగే ఔటర్ రింగ్ రోడ్డుకు రావిర్యాల వద్ద ఒక ఇంటర్‌ఛేంజ్ ఉంది. ఈ రోడ్డుపై రుసుము వాహన తరగతిని, ప్రయాణించిన దూరాన్ని బట్టి ఉంటుంది. ఇటువంటి లెక్కకు స్విచ్ వాక్యం సహజంగా అమరుతుంది. ఒక్కొక్క తరగతికి ఒక కేస్, అందులో కిలోమీటరు ధర.

వివరణ కోసం కారు, మినీబస్సు, బస్సు అనే మూడు తరగతులతో ఒక ప్రమేయాన్ని ఊహిద్దాం. ఇది ప్లాజాలో వాడే సాఫ్ట్‌వేర్ కాదు. తరువాత మూడు ఇరుసుల లారీని టైపు నిర్వచనంలో చేర్చి, స్విచ్‌లో చేర్చలేదనుకుందాం. అప్పుడు జావాస్క్రిప్ట్‌లో లారీ ధర 'అన్‌డిఫైన్డ్' అవుతుంది. దానిని దూరంతో గుణిస్తే వచ్చే ఫలితం సంఖ్యగా పనికిరాదు. అయినా ప్రోగ్రాము ఆగదు. దోషం రసీదులోనో, నెలాఖరు లెక్కల్లోనో బయటపడవలసిందే.

2. చెకర్ పనిచేసే తీరు

మైక్రోసాఫ్ట్ 2012లో విడుదల చేసిన టైప్‌స్క్రిప్ట్‌లో, 2016 నాటి 2.0 వెర్షన్‌తో 'నెవర్' టైపు చేరింది. వాహన తరగతులను ఒక యూనియన్‌గా నిర్వచిస్తే, స్విచ్‌లో ఒక్కో కేస్ దాటేకొద్దీ చెకర్ ఆ తరగతిని యూనియన్ నుంచి తొలగిస్తూ వస్తుంది. అన్నీ తొలగిపోయాక ఏ విలువా లేని టైపు మిగులుతుంది. అదే నెవర్.

3. ఐదు పరీక్షలు

లారీ కేస్ లోపించిన స్విచ్‌నే ఐదు స్థితుల్లో పరిశీలిద్దాం.

మొదటిది: ప్రమేయం సంఖ్యను తిరిగి ఇస్తుందని ప్రకటించి, 'స్ట్రిక్ట్ నల్ చెక్స్' అమరికను అమలు చేస్తే చెకర్ 2366 సంఖ్య గల దోషం చూపుతుంది.

రెండవది: ఆ అమరికను తీసివేస్తే, తత్సంబంధమైన ఇతర అమరికలు లేనప్పుడు, దోషం కనిపించదు.

మూడవది: ప్రమేయం ఏమీ తిరిగి ఇవ్వకుండా ధరను తెరపై చూపేదైతే, కఠిన అమరికల్లో కూడా దోషం రాదు.

నాలుగవది: డిఫాల్ట్ శాఖలో కారు ధర ఇస్తే చెకర్ దృష్టిలో అంతా సవ్యమే. లారీ కారు రుసుముతో వెళ్లిపోతుంది. ఫలితం నమ్మదగిన సంఖ్యలా కనిపిస్తుంది కనుక ఇది అన్నిటికన్నా ప్రమాదకరం.

ఐదవది: డిఫాల్ట్ శాఖలో మిగిలిన విలువను నెవర్ టైపు గల చరరాశిలో ఉంచితే, పై అమరికలు ఎలా ఉన్నా దోషం వస్తుంది. లోపించిన తరగతి పేరు కూడా ఆ సందేశంలోనే ఉంటుంది.

4. లోపాన్నే పరీక్షగా నిలపడం

కోడ్ దోషం లేకుండా చెకర్‌ను దాటినంత మాత్రాన కేసులన్నీ ఉన్నాయని చెప్పలేం. రెండు, మూడు, నాలుగు స్థితుల్లోని లోపభూయిష్టమైన కోడ్ కూడా అలాగే దాటింది. కాబట్టి ఒక కేస్ తీసివేసినప్పుడు చెకర్ అడ్డుకుంటున్నదా అనేదే అసలు పరీక్ష.

2020లో వచ్చిన 3.9 వెర్షన్‌లోని 'టీఎస్-ఎక్స్‌పెక్ట్-ఎర్రర్' వ్యాఖ్య ఇందుకు ఉపకరిస్తుంది. దాని కింది పంక్తిలో దోషం రాకపోతే, రాకపోవడాన్నే చెకర్ దోషంగా చూపుతుంది. మొదటి స్థితిలోని అసంపూర్ణ ప్రమేయాన్ని ఈ వ్యాఖ్యతో పరీక్షల ఫైలులో ఉంచితే, ఎవరైనా అమరికను సడలించిన రోజునే ఆ మార్పు బయటపడుతుంది.

5. పరిమితి

టైప్‌స్క్రిప్ట్ టైపులు అనువాద దశలోనే తొలగిపోతాయి, ప్రోగ్రాము నడిచేటప్పుడు ఉండవు. బయటి యంత్రం నిర్వచనంలో లేని తరగతిని పంపితే చెకర్ చేయగలిగింది లేదు. అందువల్ల నెవర్ శాఖలోనే, అనుకోని విలువ వస్తే ప్రోగ్రామును ఆపే ఆదేశం కూడా ఉండాలి.

ముగింపు

స్విచ్ సమగ్రతను టైప్ చెకర్ దానంతటదే అన్ని సందర్భాల్లో కాపాడదు. ప్రమేయ ప్రకటన, అమరికలు, డిఫాల్ట్ శాఖ రచన అనే మూడింటిపై అది ఆధారపడి ఉంటుంది. ప్రోగ్రామింగ్ బోధనలో సరైన కోడ్‌తో పాటు, ఉద్దేశపూర్వకంగా ఒక కేస్ తొలగించిన కోడ్‌ను కూడా విద్యార్థులచేత పరీక్షింపజేస్తే ఈ భేదం స్పష్టమవుతుంది.