బందరు వీధులలో విద్యుద్వాహన విహారము

కాశీరామేశ్వరములకు పోయి వచ్చినవారు మనలో ననేకులు కలరు గాని, తమ యూరికి పది పన్నెండు కోసుల దూరముననున్న పట్టణమును కన్నులార చూచినవారు మాత్ర మరుదు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మనకున్నది గదా! మేము గుడివాడలో కాపురముండి పదునైదేండ్లు కావచ్చినను, రైలుదారిని సుమారు 37 కిలోమీటర్ల దూరమున నున్న బందరునకు పెండ్లిండ్లకును పేరంటములకును పోయివచ్చుటయే కాని, ఆ పట్టణము నెన్నడును చూచి యెఱుగము.

మా యమ్మాయి చరిత్రపాఠమున, ఆంగ్లేయ వర్తకులు 1611వ సంవత్సరమున మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరని చదివి, “అమ్మా! ఆ చోటు ఇప్పుడెక్కడుంది?” అని యడిగినది. ప్రబంధములోని పద్యమున కన్వయము చెప్పుమన్న చెప్పగలముగాని, పొరుగూరి సంగతి చెప్పలేకపోతిమని మాకు మిక్కిలి సిగ్గు కలిగెను. మావారు బడిపంతులు. బందరులో పదవి విరమించిన చరిత్రోపాధ్యాయు లొకరు వారికి మిత్రులు. తాము వెంటనుండి సమస్తమును చూపెదమని వారు కబురంపగా సంక్రాంతి సెలవులలో ప్రయాణ మేర్పడెను.

మా అత్తగారు మాత్రము, “ఊరంతా తిప్పండి, వస్తాను. సముద్రం దగ్గరికి మాత్రం నన్ను రమ్మనకండి” అనిరి. వారు దివిసీమ ఆడుపడుచు. 1977 నవంబరు 19వ తేదీని ఆ సీమను ఉప్పెన ముంచినపుడు పదేండ్ల బాలిక. తల్లిని ఆ రాత్రియే పోగొట్టుకొనిరని మాత్రము మాకు తెలియును. అంతకు మించి వారెన్నడును చెప్పలేదు, మేమును అడుగలేదు.

రైలు పెడన దాటునపుడు, అద్దకపు బట్టలు మైదానములం దారవేసియుండుట చూచితిమి. టేకుకఱ్ఱపై చెక్కిన అచ్చులతో రంగులద్దు కలంకారీకి నేడు పెడనయే పుట్టినిల్లు. కోరాగుడ్డను కరక్కాయ కషాయమునను పాలలోను తడిపి యారవేయుదురు. లేనిచో రంగు చెదరును. ఇనుపతుక్కును బెల్లపునీటిలో నాననిచ్చిన నలుపు సిద్ధమగును. పటిక యద్దినచోట మాత్రమే యెఱుపు పట్టును. గోలకొండ సుల్తానుల కాలమున నీ వస్త్రములే బందరు రేవున నోడలెక్కి పారసీకమునకును ఐరోపాకును పోయినవి. అంతకుముందు వేయేండ్లకు పైబడిన కాలముననే, ఈ తీరపు సన్నని వస్త్రములు గ్రీకు నావికులకు తెలియును. టాలెమీ ఈ సీమను మైసోలియా యని పేర్కొనెను. వంటయింట మనము పాఱవైచు పదార్థములవంటి వానినుండి యింత కీర్తి పుట్టినదా యని మే మాశ్చర్యపడితిమి.

బందరులో మా ఆడుబిడ్డగారి యింట బస. ఆమెకును పొరుగింటివారికిని చిన్న విద్యుద్వాహనము లున్నవి. అవి రెండును, పంతులుగారి బండి యొకటియు, వెరసి మూడు బండ్లు సిద్ధమయ్యెను. గంటకు 25 కిలోమీటర్ల వేగమునకును, 250 వాట్ల మోటారునకును లోబడిన యిట్టి బండ్లకు రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని అక్కఱలేదు. పెట్రోలుతో పనిలేదు, చప్పుడు లేదు, పొగ లేదు. మేము పెండ్లికి ముందు సైకిలు తొక్కినవారమే గాన ఒక గడియలో చేతికి వచ్చెను. మావారు అమ్మాయిని వెనుక నెక్కించుకొనిరి. అత్తగారు, “నీ వెనకాలే కూర్చుంటాను. వాడు తొందరమనిషి” అని మా బండి యెక్కిరి. అందఱమును శిరస్త్రాణములు ధరించితిమి. పంతులుగారు ముందు నడువ, మా ఊరేగింపు బయలుదేరెను.

బందరు చరిత్రమును తెలిసికొనుటకు తొలుత పుస్తకము వలదనియు, పేటల పేర్లు చదివిన చాలుననియు పంతులుగారు చెప్పిరి. ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, ఫరాసుపేట! వలందులనగా హాలండువారు, ఫరాసులనగా ఫ్రెంచివారు. కత్తులతో కలహించిన మూడు జాతులును నేడు మన ఊరి తపాలా చిరునామాలలో నిరుగుపొరుగులై యున్నారు. మా యమ్మాయికి నవ్వాగలేదు.

వలందుల శ్మశానవాటిక పట్టణములోనే యున్నది. పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. ఆంగ్లేయులకంటె నైదాఱేండ్లు ముందుగనే వలందులు బందరున వర్తకము సాగించిరి. పెద్దపెద్ద నల్లఱాతి పలకలపై వారి వంశచిహ్నములును లేఖనములును నేటికిని చెక్కుచెదరక యున్నవి. సముద్రములు దాటి మిరియములకును వస్త్రములకును వచ్చి, మరల తల్లిమొగము చూడనివారెందఱో! అత్తగారు ఒక పలకపై చేయివైచి, “వీళ్లకి రాయైనా ఉంది” అని మెల్లగా ననిరి. ఆ మాటలోని భావము మాకప్పుడు స్ఫురింపలేదు.

అచటినుండి ఆంధ్ర జాతీయ కళాశాలకు పోయితిమి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు దీనిని స్థాపించిరి. సర్కారు చదువు గుమాస్తాలను తయారుచేయుచున్నదని తలచి, శాస్త్రములతోపాటు చేతిపనులను గూడ నేర్పవలెనని వారు సంకల్పించిరి. జాతీయపతాకమును రూపొందించిన పింగళి వెంకయ్యగా రిచటనే బోధించిరి. వారు 1921లో బెజవాడలో గాంధీమహాత్మునకు తమ పతాకము నర్పించిరి. పట్టాభిగారు 1923లో ఈ యూరనే ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిలు 1వ తేదీని అది యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. పేరు పోయినను, మా ఆడుబిడ్డగారింట పాత పాసుపుస్తకము దేవుని గూటిలో నేటికిని భద్రముగ నున్నది.

మధ్యాహ్నభోజన మైన పిదప కోటకు పోయితిమి. కోటయనగా బురుజులును సింహద్వారమును మదిలో నుంచుకొని పోయినవారి కాశాభంగమగును. తుమ్మతుప్పల నడుమ మొండిగోడలును, పాడుపడిన కట్టడములును, ఉప్పుగాలియు! ఫ్రెంచివారి చేతినుండి 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు ఈ కోటను రాత్రివేళ ముట్టడించి గైకొనెను. అంతటి కోటను తుదకు జయించినది యే రాజును గాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సుమారు 13 అడుగుల యెత్తున సముద్రము లేచి కోటను, ఊరిని, చుట్టుప్రక్కల పల్లెలను ముంచివైచెను. సుమారు 30,000 మంది యొక్క రాత్రిలో గతించిరి. ఆ పిమ్మట బందరు మరల పూర్వవైభవమును పొందలేదు.

అంతకు నెలదినముల ముందే కలకత్తాను గూడ మహావాతము కొట్టినది. ఇట్టి యుత్పాతముల పిదప దేశమునకంతకును వాతావరణశాఖ యొకటి కావలెనని దొరతనమువారికి తెలిసివచ్చి, అది 1875లో నేర్పడెను. నేడు బందరులోనే తుపానుల కనిపెట్టు రాడారు కేంద్రమున్నది. పంతులుగారు ఈ సంగతులు చెప్పుచుండగా అత్తగారు ఒక మొండిగోడనీడను కూర్చుండి వినుచుండిరి. మేము జంకుచు వారివంక చూచితిమి. వారు లేచి, “ఇంతదాకా వచ్చాను. మంగినపూడి ఎంత దూరం?” అని యడిగిరి.

మంగినపూడి సముద్రతీరము బందరునకు సుమారు 11 కిలోమీటర్లు. చేలును, రొయ్యల చెఱువులును, తాళ్లును దాటి పోవుచుండగా ఎదురుగాలి పెచ్చుపెరిగెను. తీర మింకను రెండు మూడు కిలోమీటర్లుండగా మా బండి నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయెను. తప్పు మాదే. రాత్రి తీగ తగిలించితిమి గాని గోడమీది మీట నొక్కుట మఱచితిమి! ఇద్దఱి బరువును ఎదురుగాలియు మిగిలిన శక్తిని హరించినవి. దారిప్రక్కనున్న యింటి ముసలమ్మ మమ్ము చూచి, “లోపల ప్లగ్గుంది, పెట్టుకోండమ్మా” అని పిలిచి, అరుగుమీద చాప పఱచి మజ్జిగ యిచ్చినది. మగవారును అమ్మాయియు ముందుగా తీరమునకు పోయిరి. మేము అత్తాకోడండ్ర మచటనే నిలిచితిమి.

ఆ యరుగుమీదనే, అడుగకయే, అత్తగారు నోరు విప్పిరి.

“రేడియోలో చెప్పారటే అమ్మాయీ. మా ఊళ్లో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లోనే. మగవాళ్లు విన్నారు. ఏటా వచ్చే గాలివానే కదా అనుకున్నారు. ఇంట్లో వాళ్లకి చెప్పినవాడు లేడు. మా అమ్మ ఆ సాయంత్రం వడియాలు లోపల పెట్టుకుంటోంది. నీళ్లొచ్చాక నన్ను తాటిచెట్టుకి తన చీరకొంగుతోనే కట్టింది. తనకి కట్టుకోవడానికి మిగల్లేదు.”

ఇంతియే చెప్పిరి. మజ్జిగగ్లాసు క్రింద పెట్టి కొంగుతో మొగము తుడుచుకొనిరి. ముసలమ్మ వారి చేయి పట్టుకొని యూరకున్నది. ఆ యుప్పెనలో పదివేలకు పైగా మృతులని సర్కారు లెక్క. ఏండ్ల తరబడి మేమా లెక్కను పుస్తకములలో చదువుచునే యున్నాము. అందులో నొకటి మా యింటిదని ఆనాడు గాని మాకు హృదయమునకు తాకలేదు. ఉదయమున వలందుల గోరీకడ వారన్న మాటకు అర్థ మప్పుడు తెలిసెను.

గంటసేపటికి బండి కొంత బలము పుంజుకొనెను. ముసలమ్మ విద్యుత్తునకు డబ్బు తీసికొనలేదు. తీరమున నల్లని మట్టిలో అత్తగారు చెప్పులు విడిచి, మనుమరాలి చేయి పట్టుకొని, నీటి యంచుదాక నడచిరి. ఒక అల పాదములు తాకి వెనుకకు పోయెను. వారు మూడు దోసిళ్ల నీరు విడిచి, తల్లిపేరు చెప్పి నమస్కరించిరి. ఎవ్వరమును మాటలాడలేదు. ఆవల దూరమున, 2023లో పని ప్రారంభమైన క్రొత్త రేవు కట్టడములు కనబడుచుండెను.

సోదరీమణులారా! ఈ యాత్ర మేము వేడుకకొఱకు చేసితిమి. బుద్ధి తెచ్చుకొని మరలితిమి. 1864లో హెచ్చరికయే లేదు. 1977లో హెచ్చరిక యుండియు వంటయింటిదాక రాలేదు. నేడు మనలో ననేకుల చేతనే ఫోను కలదు. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురము దగ్గఱ తీరము దాటక పూర్వమే, పల్లెల జనులను సురక్షితస్థలములకు చేర్చిరి. కనుక తుపాను వార్త మగవారు చెప్పుదురుగదా యని కూర్చుండక మనమే వినవలెను. వాతావరణశాఖవారి మాటనే నమ్మవలెను. ఉప్పెన హెచ్చరిక వచ్చిన పల్లెలో వడియములకొఱకును పశువులకొఱకును ఒక్క గడియయైన నిలువరాదు. పట్టాకాగితములు, మందులు, త్రాగునీరు, అటుకులు ఒక్క సంచిలో ముందుగనే సర్దియుంచవలెను. గాలి మొదలైన పిదప కరెంటు పోవుట నిశ్చయము గనుక ఫోనును, దీపమును, బండి యున్నయెడల దానిని, ముందుగానే నింపియుంచవలెను. మీట నొక్కితిమో లేదో రెండుమార్లు చూడుడు! అందులో మాకంటె ననుభవశాలులు లేరు.

ఆడుది బండి నడుపుట విలాసమని కొందఱందురు. పిల్లను వెనుక నెక్కించుకొని, ఒకరికొఱకు కనిపెట్టుకొనక, మెట్టకు పోగలుగుట విలాసమా? మీరే యోచింపుడు. అయితే నీరు రోడ్డెక్కిన పిదప ఏ బండియు నక్కఱకు రాదు, బయలుదేరవలసినది ముందుగనే.

మరలునపుడు తొక్కుడులడ్డు కొంటిమి. సెనగపిండి పూసను వేయించి, రోటదంచి, జల్లించి, బెల్లపుపాకముతో నేతితో మరల తొక్కి చేయుటచే దాని కాపేరు వచ్చినది. అందులో సగము అత్తగారు మంగినపూడి దారిలోని ముసలమ్మకు పంపుమని ఆడుబిడ్డగారికి చెప్పిరి. రైలులో కునికిపాట్లు పడుచున్న మనుమరాలిని ఒడిలోనికి తీసికొని, “వచ్చే సెలవులకి అవనిగడ్డ వెళ్దాం. మా ఊరు చూపిస్తాను” అనిరి.

అమ్మాయి నిద్రలోనే తలయూపినది. మేము మాత్రము బండిమీటను గుర్తుంచుకొనవలెనని మనసున ముడివేసికొంటిమి.